మూడు నెట్లు, ఒక తొట్టి

హెలెన్ మాట సగంలో ఉండగా నెట్ పోయింది. తిరిగి వచ్చేసరికి తెర మీద ఎవరూ లేరు.

మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి వెనక వీధిలో ఆమె ఇల్లు. భర్త జాకబ్‌ది ఆ ఆసుపత్రి ల్యాబ్‌లోనే ఉద్యోగం. కుప్పం, పుంగనూరు పక్క పిల్లలకు ఆన్‌లైన్‌లో సైన్సు ట్యూషన్ చెప్పే టీచరు కావాలని ఒక కంపెనీ ప్రకటిస్తే, ఎప్పుడో బీఎస్సీ చదివి వంటింటికి వచ్చేసిన హెలెన్ అప్లై చేసింది. నమూనా పాఠం చెప్పమన్నారు. అది కాస్తా ఇలా తెగింది. శుక్రవారం మధ్యాహ్నం మరొక్క అవకాశం ఇస్తామనీ, ఆ తర్వాత ఉండదనీ మెసేజ్ వచ్చింది.

ఒక్క తీగను నమ్ముకుంటే లాభం లేదనుకుంది. ఇంట్లో కేబుల్ నెట్ ఉంది. జాకబ్ పాత ఫోన్లో డేటా ఉంది. గోడకవతల వెంకటలక్ష్మమ్మ వైఫై ఉంది.

"వాడుకో తల్లీ. నా సీరియల్ మాత్రం ఆగిందంటే గోడెక్కి వస్తా," అంది వెంకటలక్ష్మమ్మ.

మూడింటినీ కంప్యూటరుకు కలిపి, సెట్టింగుల్లో మూడింటికీ సమానమైన స్థానం ఇచ్చింది. డౌన్‌లోడ్లు పరుగెత్తాయి. పరీక్షకని జాకబ్‌తో వీడియో కాల్లో ఉండి, కేబుల్ తీగ పీకింది. కాల్ తెగింది.

"ఇంకా రెండు ఉండాయి గదా, యాల పోయింది?" అన్నాడు జాకబ్ ఫోన్ చేసి. "ఇంటి నిండా తీగలే. ఇల్లా, సబ్‌స్టేషనా?"

ఎందుకు పోయిందో ఆమెకూ తెలియలేదు. మధ్యాహ్నం కిటికీ పక్కన చాప మీద ఒరిగింది. ఎండ పల్చగా, పసుపు నీళ్ళలా గది నిండా పరుచుకుంది. అటు నిద్రా కాదు, ఇటు మెలకువా కాదు. తంబళ్లపల్లెలో నాన్న పరంజ్యోతి వేరుశనగ చేను కనిపించింది. రెండు బోర్లు, రెండిట్లోనూ సన్నటి ధార. ఒక్కో బోరు నీళ్ళు ఒక్కో కాలవకు విడిచేవాడు. ఒక మోటారు ఆగితే పక్క కాలవలో నీళ్ళు పారుతున్నా ఆగిన బోరు కింది సాళ్ళు ఎండేవి. తర్వాత సిమెంటు తొట్టి కట్టించాడు. రెండు ధారలూ అందులో పడేవి, తూము ఒక్కటే. తొట్టి గట్టు మీద చిన్న హెలెన్ నీళ్ళలో కాళ్ళాడిస్తూ ఏవి ఏ బోరు నీళ్ళని అడిగేది.

"తొట్లోకి వచ్చినాక నీళ్ళకు పేరుండదమ్మా," అనేవాడు నాన్న.

హెలెన్ లేచి కూర్చుంది. కంప్యూటరు ఒక్కో పనికి ఒక్కో కాలవ ఇస్తోంది. కాల్ ఏ నెట్ మీద మొదలైతే చివరిదాకా దాన్నే పట్టుకుని ఉంటుంది. తను కలిపానని అనుకుంది గానీ కలపలేదు, పక్కపక్కన పెట్టిందంతే. వెతికితే మూడు నెట్లనూ ముందు ఒకటి చేసి, ఆ తర్వాతే బయటికి పంపే సాఫ్ట్‌వేర్ దొరికింది. మళ్ళీ జాకబ్‌కు కాల్ చేసి తీగ పీకింది. అతని ముఖం నీటిలో నీడలా ఒకసారి చెదిరి, తిరిగి కుదురుకుంది.

శుక్రవారం తెర మీద ముగ్గురు పిల్లలు, వాళ్ళ పక్కన కంపెనీ తరఫున తేజస్విని. బల్ల మీద దీపం, హెలెన్ చేతిలో బత్తాయి. చంద్రుడు పెరగడం, తరగడం చూపించాలి. పాఠంలో అమావాస్య దాటింది, నెలవంక వచ్చింది. అంతలో మార్కెట్ రద్దీ తప్పించుకోవాలని టమోటా క్రేట్ల లారీ ఒకటి వీధిలోకి దూరింది. క్రేట్లు తగిలి పైన తీగలు పెళపెళమన్నాయి.

"హెలెనూ!" గోడ అవతలి నుంచి కేక. "మాదీ పోయిందమ్మా! ఇద్దరిదీ ఒకే తీగంట!"

రెండు ధారలనుకున్నది నిజానికి ఒకటే ధార. ఇక మిగిలింది ఫోన్ డేటా. అది సన్నగా కారుతోంది.

"మేడమ్, మీరు ముక్కలు ముక్కలుగా కనబడతాండారు," అంది తేజస్విని.

ఉన్న కాసిని నీళ్ళూ బొమ్మకు పోస్తే మాట ఎండిపోతుంది. హెలెన్ కెమెరా ఆపేసింది.

"పిల్లలూ, కళ్ళు మూసుకోండి. గదంతా చీకటి. మీ తలే భూమి. ఎదురుగా ఒక దీపం, అది సూర్యుడు. ఎడమ చెయ్యి పక్కకు చాచండి. అరచేతిలో బత్తాయి పండు, అదే చంద్రుడు, చల్లగా ఉంది. మెల్లగా తల తిప్పి చూడండి. ఏం కనిపిస్తోంది?"

అవతల ఏ చప్పుడూ లేదు. ఇదీ తెగిందేమోనని ఆమె ఫోన్ వైపు చూసింది.

"సగమే ఎలుగుతాండాది మేడమ్," కుప్పం పక్క గుడుపల్లె పాప గొంతు, ఎంతో దూరం నుంచి.

"రెండో సగం యాడుండాది?" తనకు తెలియకుండానే ఇంటి మాట వచ్చేసింది హెలెన్‌కు.

"ఆడనే ఉండాది. దీపం దిక్కుకు తిరగలేదు, అంతే."

ఈసారి తేజస్విని గొంతు, నిద్రలోంచి వచ్చినట్టు: "ఆపొద్దు మేడమ్. నేనూ కళ్ళు మూసుకునే ఉండాను. పౌర్ణమి దాకా పోదాం. మీ క్లాసుల టైమింగులు ఆనక మాట్లాడుకుందాం."

హెలెన్ దీపానికి వీపు తిప్పింది. ఎవరికీ కనిపించదని తెలిసినా, బత్తాయిని తల కన్నా కాస్త ఎత్తులో, వెలుగు పూర్తిగా పడేలా పట్టుకుని మాట అందుకుంది.