మొదటిసారి అడగ్గానే

మా మిన్నెసోటా వాళ్ళకి దేవుడు నోరిచ్చాడు కానీ "అబ్బా" అనడం నేర్పలేదు. ఇల్లు తగలబడుతున్నా సరే, ఫైరింజన్ వాళ్ళకి ఫోన్ చేసి "మీకు వీలున్నప్పుడే రండి, తొందరేం లేదు" అనే రకం. నేను పెళ్ళయ్యాక ఇరవై ఏళ్ళు న్యూజెర్సీలో ఉండి వచ్చాను కాబట్టి నాకు కాస్త నోరు పుట్టింది. అందుకే ఈ సంగతి మా అక్క కాకుండా నేను చెబుతున్నాను. ఆవిణ్ణి చెప్పమంటే "ఏదోలే, అయిపోయిందిగా" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది.

మా అక్క ఆర్డిస్‌కి ఊరి మెయిన్ రోడ్డులో చిన్న పార్లర్ ఉంది. ఊళ్ళో ముసలమ్మలందరూ శుక్రవారం ఆవిడ కుర్చీలో కూర్చుని జుట్టు సెట్ చేయించుకుంటేనే ఆదివారం చర్చికి వెళ్ళేది. వాళ్ళు పోయాక పెట్టెలో పడుకోబెట్టినప్పుడు కూడా ఆఖరిసారి దువ్వేది అక్కే. పొద్దస్తమానం చేతులు పైకెత్తి ఉంచాల్సిన పని అది. సరిగ్గా ఆ చేతికే వచ్చింది చేటు.

అక్టోబరులో ఒక శనివారం చర్చి కింది హాల్లో ఫ్లూ టీకాలు వేశారు. వేసినాయన పక్క ఊరి మందుల షాపు నుంచి వచ్చాడు. కుర్చీ గోడకి ఆనించి ఉండటంతో ఆయనకి అందేది కుడి చెయ్యి. కుర్చీ జరపమని అడిగి ఆయన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని అక్క కుడి చెయ్యే ఇచ్చింది. చొక్కా చెయ్యి బిగుతుగా ఉండి పైకి రాలేదు. విప్పాలంటే సిగ్గు. కాలర్ కిందికి లాగితే భుజం పైభాగం బయటపడింది. ఆయన నిలబడే ఉన్నాడు, ఈవిడ కూర్చుంది. కండలోకి దిగాల్సిన సూది భుజం ఎముక పక్కనే, కీలులోకి దిగింది. సూది మరీ పైన పడుతోందని అక్కకి తెలుస్తూనే ఉంది. "కాస్త కిందికి వేయండి" అని ఒక్క మాట అంటే సరిపోయేది. అంటే ఆయన నొచ్చుకుంటాడట! "థాంక్సండీ, చాలా బాగా వేశారు" అని చెప్పి వచ్చింది మహాతల్లి.

రెండు వారాల తర్వాత బీపీ చూపించుకోవడానికి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. అప్పటికి కోటులోంచి చెయ్యి తీయలేకపోతోంది. కోటుతోనే కూర్చుంది. ఆ మహానుభావుడు కంప్యూటర్లోంచి తల ఎత్తకుండా "ఎలా ఉన్నారు?" అన్నాడు. "బాగానే ఉన్నానండీ, చెప్పుకోవాల్సినంత ఏం లేదు" అంది. ఆయన అదే టైపు చేశాడు: బాధలేమీ లేవు. వైద్యం అంతటితో పూర్తయింది.

క్రిస్మస్‌కల్లా భుజం బిగుసుకుపోయింది. స్కానింగులు, భుజంలోకి ఇంజెక్షన్లు, చివరికి ఆపరేషన్. పార్లర్ తెరిచి ఉన్న రోజులకన్నా మూసిన రోజులు ఎక్కువయ్యాయి. ఊరందరి జుట్టూ చూసిన మనిషి ఎడమచేత్తో తన జుట్టు తను దువ్వుకుంటే పాపిడి వంకరగా వచ్చేది. "అక్కా, నేను దువ్వనా?" అని అడిగాను. "వద్దులేవే, నాకేం కష్టం లేదు" అంది. మా ఊళ్ళో ఎవరేం ఇస్తామన్నా రెండుసార్లు వద్దనాలి, మూడోసారికి "అంతగా అంటున్నారు కాబట్టి" అని తీసుకోవాలి. కేకు ముక్కకైనా అంతే, కిడ్నీకైనా అంతే. నేను మాత్రం ఒక్కసారే అడుగుతాను. కావాలంటే కావాలని చెప్పు, అక్కర్లేకపోతే మానుకో.

టీకా వల్ల దెబ్బ తిన్నవాళ్ళకి ప్రభుత్వమే నష్టపరిహారం ఇవ్వడానికి వాషింగ్టన్‌లో వేరే కోర్టు ఉందనీ, అందులో భుజం కేసులు బోలెడనీ కనిపెట్టింది నేనే. ఫిలడెల్ఫియాలో డెబ్రా సోకోల్ అనే లాయరమ్మని పట్టుకున్నాను. ఆవిడ ఫీజు కూడా ఆ కోర్టే ఇప్పిస్తుంది కాబట్టి అక్క కాదనడానికి సాకు దొరకలేదు. ఈ వార్త పొక్కగానే టీకాలంటే పడని పక్కింటాయన మంచి ఊపు మీద వచ్చాడు, "నేను ముందే చెప్పానా?" అంటూ. "తప్పు టీకాది కాదండీ, పొడిచిన చోటిది" అని అక్క తలుపు మెల్లగా వేసేసింది. మరుసటి ఏడాది ఎడమ చేతికి వేయించుకుంది కూడా. అక్కడ మాత్రం నాకు మా అక్కంటే గర్వం.

ఇక్కడే ఒక మెలిక ఉంది. సూది పడిన రెండు రోజుల్లోపు నొప్పి మొదలైందని రుజువు చూపాలి. మన రుజువేమిటి? రెండు వారాల తర్వాత డాక్టరు రాసిన "బాధలేమీ లేవు". పోనీ, ఇంట్లోవాళ్ళ వాంగ్మూలం పంపమంది సోకోల్. మా బావ హార్లన్ ఒక సాయంత్రమంతా కూర్చుని ఒకే వాక్యం రాశాడు: "ఆ వారాంతం ఆర్డిస్ కాస్త నిదానంగా ఉంది."

సోకోల్ నాకు ఫోన్ చేసి అరిచింది. "ఇది సాక్ష్యమా, వాతావరణ వార్తా? మీ ఊళ్ళో ఎవరికీ నొప్పి పుట్టదా?"

"పుడుతుందండీ. పుట్టినట్టు చెప్పరు, అంతే."

ఓడిపోతే పార్లర్ పోతుంది, అద్దె కట్టడం అప్పటికే కష్టంగా ఉంది. దానికన్నా నాకు ఒళ్ళు మండింది ఇంకో సంగతికి. జన్మలో అబద్ధమాడని మనిషి, డబ్బుకోసం నొప్పి కల్పించుకుందని ప్రభుత్వం రాసి పెట్టుకుంటుంది.

విచారణ వీడియోలో జరిగింది. అక్క వంటింటి బల్ల మీద నా ల్యాప్‌టాప్ పెట్టి కూర్చున్నాం. జడ్జి తెల్లజుట్టు ఆవిడ. మర్యాదకి మొదట అడిగింది, "భుజం ఇప్పుడెలా ఉందమ్మా?"

"పర్వాలేదండీ. నాకన్నా బాధపడేవాళ్ళు ఎంతమంది లేరూ" అంది అక్క.

బల్ల కింద కాలితో తన్నాను. తెర మీద సోకోల్ కళ్ళు మూసుకుంది. ప్రభుత్వం తరపు లాయరు విట్లాక్ మొహంలో మాత్రం పండగ కనిపించింది. ఇస్త్రీ చొక్కా, ఇస్త్రీ నవ్వు.

"డాక్టరుతో బాగానే ఉన్నానన్నారు. అది నిజమేనా?"

"నిజం కాదండీ."

"అయితే డాక్టరుకి అబద్ధం చెప్పారు."

"అబద్ధమెందుకండీ? మర్యాదకి అన్నాను."

"అంటే నొప్పి ఉన్నా బాగానే ఉందంటారు, లేకపోయినా బాగానే ఉందంటారు. ఇక ఆ రెండు రోజుల్లో నొప్పి ఉందని మేమెలా నమ్మాలి?"

అక్క బుద్ధిగా తల ఊపింది. "మీరన్నదీ నిజమేనండీ" అంది.

నాకు ఏడుపొచ్చింది. మర్యాద మండిపోను! తన మీద కేసు తనే ఒప్పేసుకుంటోంది.

తర్వాత సాక్షిగా వెర్నా టోఫ్ట్ వచ్చింది. చర్చిలో కాఫీ పని చూసే పెద్దావిడ. అక్క దగ్గర శుక్రవారం జుట్టు సెట్ చేయించుకునే మనిషి. కెమెరాకి నుదురొక్కటే కనిపించేలా కూర్చుంది.

"టీకా వేసిన మర్నాడు, ఆదివారం, ఆర్డిస్‌ని చూశారా?" అంది సోకోల్.

"చూశానండీ. చర్చి అయ్యాక కాఫీ పెద్ద డ్రమ్ము ఎత్తబోతోంది. ఎప్పుడూ తనే మోస్తుంది. నేను మోయనా అని మర్యాదకి అడిగాను." వెర్నా నుదురు తెరకి ఇంకా దగ్గరికొచ్చింది. "మొయ్యండి అంది."

"తర్వాత?"

"తర్వాతేముందండీ! హాలంతా నిశ్శబ్దమైపోయింది. మొదటిసారి అడగ్గానే మొయ్యండి అంటే మనిషికి ఏదో అయిందనేగా! గుండెపోటేమో అనుకున్నాం. పాస్టరుగారు కుర్చీ తెచ్చారు. సాయంత్రానికి మేం ముగ్గురం ఆడవాళ్ళం వాళ్ళింటికి వంట చేసి పట్టుకెళ్ళాం."

విట్లాక్ అందుకున్నాడు. "అమ్మా, ఒకావిడ కాఫీ మోయమంది. ఇందులో విశేషమేముంది?"

మా ఊళ్ళో బూతులు లేవు. తినలేని వంట పెట్టినా, పనికిరాని అల్లుడు దొరికినా "కాస్త వేరేగా ఉంది" అంటారు. అంతకు మించిన తిట్టు లేదు. వెర్నా నుదురు ముడుచుకుంది.

"మీ ప్రశ్న కాస్త వేరేగా ఉందండీ" అంది.

నేను కుర్చీలోంచి పడబోయాను. జన్మలో ఎవర్నీ అంత మాట అని ఉండదు వెర్నా. అన్నందుకు మళ్ళీ తనే సిగ్గుపడి, నుదురు కూడా కనపడకుండా కిందికి జారింది.

అంతవరకూ రాసుకుంటూ కూర్చున్న జడ్జి తలెత్తింది.

"ఒక్క నిమిషం. వద్దు అని ఒక్కసారైనా అనలేదా?"

"లేదండీ."

"అంతగా అంటున్నారు కాబట్టి, అని కూడా అనలేదా?"

"లేదండీ. ఊరికే, మొయ్యండి అంది."

జడ్జి కళ్ళజోడు తీసింది. "మా అమ్మమ్మవాళ్ళది వీళ్ళ పక్క రాష్ట్రమే, నార్త్ డకోటా" అంది విట్లాక్‌తో. "మీరింకేమైనా అడగాలా?" అతని దగ్గర ఇస్త్రీ తప్ప ఇంకేం మిగల్లేదు.

తీర్పు రావడానికి నెలలు పట్టింది. గెలిచాం. పార్లర్ అద్దెకీ, ఇంకో అమ్మాయిని జీతానికి పెట్టుకోవడానికీ సరిపోయేంత వచ్చింది. ఆ మధ్యలో ఎముకల డాక్టరు చూసి, చెయ్యి ఇక భుజం దాటి పైకి లేవదని చెప్పాడు. ఈయన మాత్రం అదంతా స్పష్టంగానే రాశాడు, ఆలస్యంగానైనా.

తీర్పు సంగతి చెప్పి సోకోల్ ఫోన్ పెట్టేశాక వంటింట్లో అక్కా నేనూ మిగిలాం. నేను ఎగిరి గంతేసి, విట్లాక్‌ని నా న్యూజెర్సీ భాషలో నాలుగు తిట్టి, కాఫీ పెట్టాను. అక్క తన కుడి చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పాపిడి ఎప్పట్లాగే వంకరగా ఉంది.

"సంతోషమేనా?" అన్నాను.

"బాగానే ఉంది" అంది.

చిరాకేసింది. గెలిచాక కూడా అదే మాట! ఏదో ఒకటి అనాలని, వద్దంటుందని తెలిసే, "ఆ జుట్టేమిటి అలా ఉంది, నేను దువ్వనా?" అన్నాను.

"దువ్వవే" అంది.

దువ్వెన తీసుకుని వెనక నిలబడ్డాను. ఆ ఆదివారం హాలంతా ఎందుకు నిశ్శబ్దమైపోయిందో నాకప్పుడు అర్థమైంది.