తిత్తిలో కాపురం

ఆవిడ చిన్న కత్తెరతో తిత్తి పొట్టను నిలువునా చీల్చి, అంచులను మైనం పోసిన పళ్లెంలో గుండుసూదులతో గుచ్చింది. సముద్రంలో రాళ్లకు అతుక్కుని, నీళ్లు మింగుతూ కక్కుతూ బతికే జీవి అది. చూడటానికి తడిసిన తోలుసంచిలా ఉంటుంది. ఆవిడకు పని దానితో కాదు, దాని లోపల అద్దె లేకుండా కాపురముండే వాళ్లతో. రొయ్యకు దూరపు చుట్టాలు, నువ్వుగింజంత ప్రాణులు. వాటిని ఏరి, కాళ్ల కీళ్లు చూసి, ఏ జాతివో తేల్చి సీసాల్లో పెట్టడం మ్యూజియంలో ఆవిడ ఉద్యోగం. జుట్టు నల్లగా ఉన్నప్పుడు చేరింది, ఆ బల్ల దగ్గరే నెరిసింది. ఏం చేస్తారని ఎవరైనా అడిగితే, "రొయ్యల బంధువుల్ని లెక్కేస్తా" అని నవ్వేది.

ఉక్కుసూది తగిలితే వాటి కాళ్లు విరుగుతాయి. అందుకని అగ్గిపుల్ల చివర ఒక కనురెప్ప వెంట్రుక అతికించుకుని దానితో కదుపుతుంది. ఆ వెంట్రుకలు అక్కవి. అమ్మ పోయాక పెళ్లి మాట కూడా ఎత్తక ఆవిడను పెంచిన అక్క. "నా రెప్పలన్నీ నీ పురుగులకే సరిపోయాయి" అని గొణుగుతూనే, రాలినదాన్ని కాగితంలో మడిచి ఉంచేది.

ఈ తిత్తుల్లోనే ఆవిడ ఎప్పుడో రెండు కొత్త జాతులు కనిపెట్టింది. మొదటిదానికి 'లావుది' అని అర్థం వచ్చే పేరు పెట్టింది. తర్వాత దొరికిన బక్కదానికి అక్క పేరు పెట్టింది. పిట్ట కొంచెం, కూత ఘనం. "సముద్రంలో నా పేరుంది" అని అక్క వీధంతా చెప్పుకుంది. మంచాన పడ్డాక, రోజూ వచ్చి ఇంజెక్షన్ ఇచ్చి వెళ్లే నర్సుకూ అదే కథ.

ఇవాళ తిత్తి మడతలో లావుది కనిపించింది. వెంట్రుకతో కదిపితే దానితోపాటు బక్కదీ కదిలింది. మీసాలతో లావుదాని నడుము పట్టుకుని వదలడం లేదు. ఆవిడ రెండింటి కాళ్లూ పోల్చింది. కీళ్లు అవే, నూగు అదే. అవి రెండు జాతులు కావు, ఆలుమగలు. ఇన్నేళ్లలో జంటగా ఎప్పుడూ దొరకలేదు. ఒకే జీవికి రెండు పేర్లుంటే ముందుదే నిలుస్తుంది, రెండోది కొట్టేయాలి. అంటే అక్క పేరు.

గదిలో ఎవరూ లేరు. ఒక్కసారి నెడితే రెండూ విడిపోతాయి. తలో సీసాలో వేస్తే అడిగే నాథుడు లేడు. అగ్గిపుల్ల పట్టిన చేయి ఆగిపోయింది. మైక్రోస్కోపు అద్దం కన్నీటితో మసకబారింది. పళ్లేనికి మూత పెట్టి భోజనానికి ఇంటికి వెళ్లింది.

"అక్కా, నేనో తప్పు చేశాను" అంటూ అంతా చెప్పింది.

అక్క కళ్లు పెద్దవి చేసింది. "అంటే ఇన్నేళ్లూ మగాడికా నా పేరు?"

"అప్పుడు తెలీదక్కా."

"పెళ్లే వద్దని కూర్చున్నదాన్ని, తీసుకెళ్లి ఎవరికో మొగుణ్ణి చేశావు కదే!"

నవ్వి నవ్వి అక్కకు దగ్గొచ్చింది. నీళ్లు తాగాక అడిగింది. "మరిప్పుడేం చేస్తావు?"

"ఊరుకుంటే నీ పేరుంటుంది."

అక్క గ్లాసు పక్కన పెట్టింది. "ఆ పేరంటే నాకు ప్రాణమే. లేదని ఎందుకనాలి? కానీ పట్టుకున్న చేతులు విడదీసి నిలబెట్టే పేరు నాకొద్దు. వాళ్ల కాపురం వాళ్లని చేసుకోనీ."

దిండు కింద నుంచి మడిచిన కాగితం తీసి ఇచ్చింది. "పొద్దున రాలింది. పట్టుకెళ్లు."

అంత చిన్న ప్రాణుల దగ్గర కూడా అబద్ధమాడలేని ఆ అక్కాచెల్లెళ్లకు చేతులెత్తి మొక్కాలి. మధ్యాహ్నం ఆవిడ రెండింటినీ విడదీయకుండా ఒకే సీసాలోకి దించింది. పాత చీటీ మీద అక్క పేరు కొట్టేసింది. కొత్త వెంట్రుకను అగ్గిపుల్లకు అతికించి ఆరబెట్టింది.

సాయంత్రం చెప్పులు విప్పుతూనే, "ఇద్దర్నీ ఒకే ఇంట్లో పెట్టానక్కా" అంది. అక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పలకలేదు. చేయి పట్టుకుంటే చల్లగా ఉంది. ఆవిడ ఆ చేతిని చాలాసేపు వదల్లేదు.

మ్యూజియంలో, తాళం వేసిన ఆ గదిలో, బల్ల అంచున కొత్త అగ్గిపుల్ల ఆరుతోంది, చివర వంకీ తిరిగిన ఒక తెల్ల వెంట్రుకతో.