నలభై గుర్రాలు

"రేపు పదింటికి ఇన్సూరెన్స్ ఆయన వస్తాడట. ఈలోగా ఆ కారు కంప్యూటర్లో నువ్వు మార్చిందేదో మళ్లీ మామూలుగా చేసెయ్యిరా," అంది అక్క, తమ్ముడు ఇంకా చెప్పులు విప్పకుండానే.

తమ్ముడు కారు మెకానిక్. మామూలుగా చెయ్యడానికి అందులో మార్చిందేమీ లేదు. ఆ సంగతి తెలిసినవాడు ప్రపంచంలో అతనొక్కడే.

లోపల మంచం మీద బావ ఉన్నాడు. తుంటి విరిగి ఆరు వారాలైంది. డ్రైవింగ్ స్కూల్లో ఇరవై రెండేళ్లుగా నేర్పుతున్న మనిషి. ఊళ్లో స్టీరింగు పట్టినవాళ్లలో సగం మంది ఆయన చేత తిట్లు తిన్నవాళ్లే.

అంతటి జాగ్రత్తపరుడికి యాభై దాటాక సరదా పుట్టింది. కొత్తగా కొన్న కారు చూడ్డానికి సాధువు. నాలుగు తలుపులు, వెనక పెద్ద డిక్కీ, బూడిద రంగు. బానెట్ కింద మాత్రం టర్బో ఇంజిన్. కంపెనీవాళ్లు దాని జోరుకి కళ్లెం వేసి అమ్ముతారనీ, కంప్యూటర్లో నాలుగు అంకెలు మారిస్తే ఇంకో నలభై గుర్రాల బలం వస్తుందనీ ఎవరో తలకెక్కించారు. ఇక మూడు నెలలు బావమరిది చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు.

"అంత బలానికి క్లచ్ ఆగదు బావా. ఉన్నది చాలదా?"

"చేతకాదని చెప్పు, వేరేవాడి దగ్గరికి పోతా."

వేరేవాడి చేతిలో పడితే ఇంజిన్ కాలుతుంది. అందుకని మెకానిక్ తన తెలివంతా వాడాడు. కారుకి లాప్‌టాప్ తగిలించాడు. అరగంట టకటకలాడించాడు. ఒక్క అంకె కూడా మార్చకుండా మూసేశాడు.

"ఎక్కాయి బావా, నలభై!"

బావ ఒక చుట్టు తిరిగొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. "ఒరేయ్, వీపు సీటుకి అతుక్కుపోయిందిరా!" మెకానిక్ నవ్వాపుకోలేక, స్పానర్ పడిపోయినట్టు పక్క బండి కిందకి దూరాడు. గండం గడిచిందనుకున్నాడు.

మూడు వారాలు తిరక్కుండానే, కాలవ గట్టున ఎత్తు రోడ్డు మీద లారీని దాటబోయిన బావకి బస్సు ఎదురొచ్చింది. తప్పించబోయి కారుతో సహా కాలవలో పడ్డాడు.

మెకానిక్ గదిలోకి రాగానే, "వచ్చావా," అన్నాడు బావ. "తెలిస్తే పైసా ఇవ్వరు. అది తీసేస్తే వాళ్లు కనిపెట్టలేరుగా?"

"కనిపెట్టలేరు."

నిజమే. ఆ వచ్చే ఆయన తన యంత్రం పెట్టి చూస్తే అంతా కంపెనీ ఇచ్చినట్టే కనిపిస్తుంది. బావమరిది మంచి పనివాడని బావ మురిసిపోతాడు. నోరు మూసుకుంటే చాలు, జన్మలో బయటపడదు.

అక్క ఒక కాయితం తెచ్చి మంచం మీద పడేసింది. "నువ్వైనా చెప్పరా. ఉద్యోగం మానేస్తానని రాసి పెట్టుకున్నారు."

"ఏం మిగిలిందని చెయ్యమంటావు?" బావ గోడ వైపు చూశాడు. "వీడు బలం ఎక్కించాడు, వీడి పని వీడు చేశాడు. నలభై గుర్రాలుండీ దాటలేకపోయానంటే నా కాలు మొద్దుబారింది, నా కన్ను దెబ్బతింది. దూరం అంచనా కట్టలేనివాడు ఇంకొకరికి నేర్పడమేంటి?"

మెకానిక్ ఆ కాయితం చదివి మంచం మీద పెట్టాడు.

"బావా, నేనేమీ ఎక్కించలేదు."

"ఆఁ?"

"ఉత్తినే తీగ తగిలించాను. కారు షోరూమ్ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది."

బావ నవ్వబోయి ఆగాడు. "పదైనా పెట్టలేదా?"

"ఒక్కటి కూడా లేదు."

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బావ కళ్లు మూసుకున్నాడు. ఆ రోడ్డు, ఆ లారీ, ఆ బస్సు ఆయన రెప్పల కింద మళ్లీ నడిచినట్టున్నాయి.

"ఆ దూరం చాలదని నాకు తెలుసు," అన్నాడు చివరికి. "మామూలు కారైతే చాలదు. లారీ వెనకాలే ఉండిపోదామనే అనుకున్నాను. అప్పుడు నీ గుర్రాలు గుర్తొచ్చాయి."

"ఇంజిన్ పోతుందేమోనని..."

"ఇంజిన్ పోతే రోడ్డు పక్కన నిలబడేవాణ్ణి కదరా!"

బావ కాయితం తీసుకుని రెండుగా చింపాడు. "ఉద్యోగం మానను. నా కన్ను బాగానే ఉంది. నీ చేతి మీద నమ్మకమే పోయింది. నా బండి ఇక నీ షెడ్డు తొక్కదు."

మరుసటి ఏడాది ఒక ఉదయం డ్రైవింగ్ స్కూల్ కారు షెడ్డు ముందు నుంచి వెళ్లింది. స్టీరింగు దగ్గర ఒకామె బిగుసుకుపోయి కూర్చుంది. పక్కన బావ ఏదో గట్టిగా చెబుతున్నాడు. ఇంజిన్‌లోంచి బెల్టు సన్నగా కీచుమంటోంది. బిగించడానికి పది నిమిషాల పని. మెకానిక్ చేతులు తుడుచుకుంటూ రోడ్డు దాకా వచ్చాడు, పిలవబోయాడు. బావ ఇటు చూశాడు, చూసి "మూడో గేరు" అన్నాడు ఆమెతో. కారు సాఫీగా గేరు మార్చుకుని, కీచుమంటూనే మలుపు తిరిగిపోయింది.