కరకట్ట మీద మొదటి గిన్నె

నేను వండిన పులుసు గిన్నె తీసుకెళ్లి గుమ్మం బయట చెప్పుల పక్కన పెట్టింది రాధారాణి. చేసింది చాలక, చెయ్యి కడుక్కుంటూ అందరికీ వినపడేలా, "ఎండురొయ్యలు తినేవాళ్లతో ఇదే తంటా అండీ, హాలంతా కంపు" అంది.

ఎనభై రెండులో థాంక్స్‌గివింగ్ నాటి మాట ఇది. మేం లూసియానాలో, మిసిసిపీ ఒడ్డున సెంట్ ఓబెన్ అనే చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. ఫ్రెంచివాళ్లు కట్టుకున్న ఊరు. ముసలివాళ్లు ఇంకా ఇళ్లల్లో ఫ్రెంచే మాట్లాడుకునేవాళ్లు. తెలుగు కుటుంబాలు మాత్రం రెండే. మా ఆయన ఆదిశేషు చక్కెర మిల్లులో ఇంజనీరు. రాధారాణి మొగుడు వాసుదేవరావు గారు ఆసుపత్రిలో సర్జన్. ఆ పండక్కి బేటన్ రూజ్ తెలుగువాళ్లని కూడా పిలిచి, చర్చి హాల్లో ఇంటికో వంట తెచ్చుకుని పాట్‌లక్ పెట్టుకున్నాం.

రాధారాణి వాళ్లు శాకాహారులు. కాదనను. వాళ్ల బల్ల వేరు, మా బల్ల వేరు. మా బల్ల మీద కోడికూర ఉంది, టర్కీ ఉంది. వాటికి లేని కంపు నా ఒక్క గిన్నెకే వచ్చిందా? వాళ్ల తొమ్మిదేళ్ల పిల్ల మీనా, "ఆంటీ, అది ఏమి? కొంచెం ఇవ్వు" అని ప్లేటు పట్టుకొస్తే, ఆ ప్లేటు లాక్కుని చెత్తబుట్టలో పడేసింది. పన్నెండు కుటుంబాలూ చూస్తూనే ఉన్నాయి. ఒక్కళ్లు నోరెత్తితే ఒట్టు!

దివిసీమలో పుట్టినదాన్ని. ఉప్పెన ఏడాది మా అమ్మ పోయింది. ఆవిడ చేతి బెండకాయ, ఎండురొయ్యల పులుసే నాకు మిగిలింది. దాన్ని చెప్పుల పక్కన పెడతావా? ఆ రాత్రి కారులో మా ఆయనతో చెప్పాను. "అందరి ముందూ తీసేసిన గిన్నె, అందరి ముందూ ఆవిడ చేత్తోనే మళ్లీ పెట్టించకపోతే నా పేరు భానుమతి కాదు."

"ఊరుకోవే" అన్నారాయన. నేనా, ఊరుకోవడమా!

డిసెంబరు వచ్చింది. క్రిస్మస్ ముందు రోజు ఆ ఊరంతా నది కరకట్ట మీదే. పాపా నోయెల్, అంటే వాళ్ల క్రిస్మస్ తాత, దారి తప్పకుండా రావాలని కట్టెలు గోపురంలా పేర్చి, పొద్దు గూకగానే అంటిస్తారు. దానికి ముందు గంబో పోటీ. గంబో అంటే మరేం కాదు, బెండకాయలూ రొయ్యలూ వేసి చేసే వాళ్ల పులుసు. ఆ ఊరి కొట్లో ఎండురొయ్యలు మొదటిసారి చూసినప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనైంది.

పండగ ఇంకా నాలుగు రోజులుందనగా పక్కింటి ముసలావిడ ఎలోయీజ్ కంచె దగ్గరికొచ్చింది. "మీ డాక్టర్ గారి భార్య పోటీకి పేరిచ్చింది. గెలిచే వంట చెప్పమంటే, నువ్వు నాకు నేర్పిన పులుసు చెప్పాను. నీదని కూడా చెప్పాను. ఎవరితో అనొద్దంది" అంది, పాపం అమాయకంగా.

దొంగచాటుగా నా వంటే కావాలా! వాసుదేవరావు గారికి ఆసుపత్రిలో చీఫ్ పదవి కావాలి. పదవి ఇచ్చేవాళ్ల భార్యలే గంబో జడ్జీలు. అందుకూ ఈ వంట! రుచి చూడకుండా ఎలా వండుతుందా అనుకున్నాను. తర్వాత తట్టింది. దేవుడి నైవేద్యం ఎంగిలి కాకుండా వండే చెయ్యి ఆవిడది. ఉప్పూ కారం కంటితోనే తూస్తుంది. వండుతుంది, గెలుస్తుంది, చేతులు కడుక్కుంటుంది.

కానీ ఆవిడకి తెలియనిదొకటుంది. ఏటా క్రిస్మస్‌కి హ్యూస్టన్ పోయే మనిషి కదా. గెలిచినవాళ్లు తమ కుండలోంచి మొదటి గిన్నె అందరి ముందూ తినాలి. గిన్నె ఖాళీ అయ్యేదాకా మంట అంటించరు. ఆ ఊళ్లో అది ఆచారం.

నేను చెప్పానా? చచ్చినా చెప్పలేదు. పైగా ఎలోయీజ్‌కి అప్పట్లో చింతపండు సంగతి చెప్పడం మర్చిపోయాను. అది లేకపోతే పులుసు జిగురు జిగురుగా ఏడుస్తుంది. రాధారాణి ఓడిపోతే నాకేం లాభం? ఒక ఉండ చింతపండు ఎలోయీజ్ చేతికిచ్చి, "నువ్వే ఇచ్చినట్టు ఇవ్వు" అన్నాను. తర్వాత ఫోన్ తీసుకుని బేటన్ రూజ్‌లో పన్నెండిళ్లకీ కాల్ చేశాను. "మన రాధారాణి గారు పోటీలో ఉన్నారు, రాకపోతే బాగుండదు" అని. మా ఆయన విని, "ఇది పాపమే" అన్నారు. అయితే అయింది!

అందరూ వచ్చారు. రాధారాణి పట్టుచీర మీద ఏప్రన్ కట్టుకుని ఇనప కుండలో తిప్పుతోంది. తెలుగువాళ్లని చూసి మొహం మాడింది. "ఊరివాళ్ల కోసం ఏదో వెజిటబుల్ సూప్" అని సర్దబోయింది. ఆ వాసన దాగితేగా?

గెలిచింది! చప్పట్లు, ఈలలు. చర్చి ఫాదర్ గిన్నె నిండా పులుసు పోసి ఆవిడ చేతిలో పెట్టి, తినమన్నాడు. పైన నాలుగు రొయ్యలు తేలుతున్నాయి. దివిటీలు పట్టుకుని కుర్రాళ్లు కట్టెల గోపురం దగ్గర కాచుకున్నారు. ఊరంతా "తిను, తిను" అని ఒకటే గోల. తింటే మనవాళ్ల ముందు పరువు పాయె. తినకపోతే మొగుడి పదవి పాయె. ఆవిడ గిన్నెలోకీ మనవాళ్ల వైపూ మార్చి మార్చి చూసింది. జాలి పడ్డానని అబద్ధం చెప్పను. పండగంటే అదీ, నాకు.

అప్పుడు నన్ను వెతికి చూసింది. "ఫాదర్, ఈ వంట నాది కాదు. ఆమెది. మొదటి గిన్నె ఆమెకే దక్కాలి" అంది ఇంగ్లీషులో.

జనం దారి ఇచ్చారు. నేను వెళ్లి నిలబడ్డాను. రాధారాణి రెండు చేతులతో గిన్నె అందించింది. చెప్పుల పక్కన పెట్టిన చేతులు అవే. మెల్లగా, ఒక్కో బెండకాయా నమిలి, ఒక్కో రొయ్యా చప్పరించి తిన్నాను. కుర్రాళ్లు కాళ్లు మార్చుకుంటున్నారు. కాచుకోనీ! అడుగంటా తుడిచి, ఖాళీ గిన్నె చాపాను.

"ఇంకో గరిటె వెయ్యండి, రాధారాణి గారూ."

వేసింది. అడుగు నుంచి దేవి, రొయ్యలు వచ్చేలా వేసింది.

ఇంతలో మీనా కాగితం ప్లేటు పట్టుకుని మా ఇద్దరి మధ్యకి వచ్చి నా కొంగు లాగింది. "ఆంటీ, నాకు కొంచెం?"

పన్నెండు కుటుంబాలూ వింటున్నాయి. నేను వంగి, దాని జుట్టు సర్ది, అందరికీ వినపడేలా అన్నాను.

"మీ అమ్మనడుగమ్మా. వండింది ఆవిడే కదా."