మెదడు మీద పీచు ఏరిన సంగతి

నా చేతికి ఒక రోగం ఉంది. గుడ్డ మీద పీచు కనిపిస్తే ఊరుకోదు. ఇరవై రెండేళ్లుగా సూరత్‌లో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేస్తున్నాను. దిగిన గుడ్డ మీద లేచిన దారాలూ ముడులూ ఉండలూ గిల్లేయకపోతే సేఠ్ దాన్ని నా మొహాన కొడతాడు. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, ఒక పెళ్లిలో పంతులు గారి కండువా మీద పీచు గిల్లి ఆయన మంత్రం తప్పేలా చేశాను. దాన్ని నేను పనితనం అనుకునేవాణ్ణి.

మొన్న బుధవారం పొద్దున, కోసాడ్‌లోని మా క్వార్టర్‌లో, మా అమ్మాయి సంతోషి స్నానానికి వెళ్లింది. నర్సింగ్ మొదటి సంవత్సరం చదువుతోంది. పదకొండింటికి కాలేజీలో నమూనా చూపించాలి. ఇరవై మార్కులు. వాటిలో సగమైనా రాకపోతే పెద్ద పరీక్షకు కూర్చోనివ్వరు.

అట్ట మీద జరీ దారంతో నరాల కణాలు కుట్టింది. చూడముచ్చటగా ఉన్నాయి. కానీ వాటి చుట్టూ దూది, రంగురంగుల ఉండలు, దారాల మీద పేలికల చుట్లు. పిల్లకు పని రాదు పాపం అనుకున్నాను. తండ్రిని కదా, సాయం చేద్దామని కూర్చున్నాను. పది నిమిషాల్లో జరీ తప్ప ఏమీ మిగల్చలేదు. ఏరినదంతా చెత్తబుట్టలో వేసి, నా పనికి నేనే మురిసిపోయాను.

సంతోషి తల తుడుచుకుంటూ వచ్చింది.

"బాపు, గీడ ఉన్నయన్నీ ఏడ వోయినయ్?"

"కచరా అంత తీసేసిన బిడ్డా. గిప్పుడు జూడు, ఎట్ల మెరుస్తున్నదో."

"ఆ కచరానే నా నమూనా బాపు," అని నేల మీద కూలబడింది. "సార్ చెయ్యమన్నది గ్లియా కణాలు, నరాల కణాలను సాకేటియి. నరాల కణాలు గాదు."

బస్సుకు గంట కూడా లేదు.

నా భార్య మంగ చెత్తబుట్ట బోర్లించింది. ఆమె ఇంట్లో కూర్చుని చీరలకు మెరుపు రాళ్లు అతికిస్తుంది. దాన్ని నేను కాలక్షేపం అనేవాణ్ణి. ఇప్పుడు సంతోషి చూపిస్తుంటే ఆమె వేళ్లు చకచకా అతికిస్తున్నాయి. నాకు జిగురు సీసా పట్టుకునే ఉద్యోగం ఇచ్చారు.

"సుక్క తీరుగున్నయి ఆస్ట్రోసైట్లు. రక్తం నుంచి తిండి తెచ్చి నరాల కణానికి పెడ్తయ్. గీ చుట్లు మెదడుల ఒలిగోడెండ్రోసైట్లు చుడ్తయ్, బయటి నరాలకు ష్వాన్ కణాలు చుడ్తయ్. చుట్టు లేకుంటే కబురు మెల్లగ వోతది, నడ్మల ఆగుతది."

"గీ దూదో?" అంది మంగ.

"ఎపెండైమల్ కణాలు. మెదడు లోపలి గదులకు గోడ లెక్క. ఆడున్న నీళ్లను కదుపుతయ్. నల్ల ఉండలు మైక్రోగ్లియా. క్రిముల్ని, చచ్చినదాన్ని ఏరి తింటయ్."

"మరి జరీ ఏం జేస్తది?" అన్నాను, కాస్త ఆశగా.

"కబురు మోస్తది. ఇయ్యి లేకుంటే అది బతుకది."

ఇల్లంతా నా ఒక్కడి మీదే నడుస్తోందని గల్లీలో కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్న మనిషిని నేను. మంగ పేలిక చుడుతూ నా వైపు చూడలేదు. చూసి ఒక మాట అనేసినా బాగుండేది.

ఆ రోజు పనిలో నా మనసు నిలవలేదు. రెండు పోగులు తెగినా చూసుకోక తిట్లు తిన్నాను. సాయంత్రం బస్టాపుకు పోయి నిలబడ్డాను.

"ఎన్నొచ్చినయ్ బిడ్డా?"

"పదిహేను. పరీక్షకు కూసోవచ్చు."

సార్ ఒకటే ప్రశ్న అడిగాడట. మైక్రోగ్లియా అతి చేస్తే ఏమవుతుందని.

"ఏం జెప్పినవ్?"

"బాగున్నదాన్ని గూడ తినేస్తయ్ అన్న. చెడగొడుదామని గాదు సార్, అయ్యి సాఫ్ చేస్తున్నమనే అనుకుంటయ్ అన్న."

ఇంటి వైపు నడిచాం.

"నా సంగతేమన్న జెప్పినవా?"

"పేరు జెప్పలే బాపు," అంది.

నవ్వబోయాను. ఏడుపొచ్చింది.