ఏడు పక్కన ఇరవై తొమ్మిది

యుస్మారీ చీలమండ బెణికిందని ఆ రోజు స్టూడియోలో నాకొక్కదానికే తెలుసు. పొద్దున ఇంటి మెట్లు దిగుతుంటే కాలు మడతపడిందట. మేకప్ గదిలో నేనే గుడ్డ చింపి బిగించి కట్టాను. కెమెరాలో మేము నడుము నుంచి పైకే కనిపిస్తాం కాబట్టి కింద చెప్పుల్లేకుండా నిలబడినా ఎవరికీ తెలియదు.

మా స్టూడియో కొలంబియా రాజధాని బొగోటాలో గోదాము లాంటి పెద్ద హాలు. ఒక్క కిటికీ కూడా లేదు. వరసగా రూలెట్ బల్లలు, ఒక్కో బల్ల వెనక ఒక డీలరు. మేము చక్రం తిప్పి గోలీ వదులుతాం. ఎక్కడెక్కడో కూర్చున్నవాళ్ళు ఫోనుల్లో మమ్మల్ని చూస్తూ పందెం కాస్తారు. వాళ్ళు మాకు కనిపించరు. వాళ్ళు పెట్టుకున్న మారుపేర్లూ, రాసే మాటలూ ఎదురుగా ఒక తెర మీద దొర్లుతుంటాయి. చదివి నవ్వుతూ జవాబు చెప్పడం కూడా ఉద్యోగంలో భాగమే. నేనూ యుస్మారీ వెనెజులా నుంచి వచ్చినవాళ్ళం, ఆడేవాళ్ళలోనూ మావాళ్ళు చాలామంది. మా దేశపు డబ్బు జేబులో ఉండగానే కరిగిపోతుంది కనక మావాళ్ళు ఎప్పుడో ఫోనులో దాచుకునే క్రిప్టో డబ్బుకి అలవాటు పడ్డారు. కూరగాయలకీ అదే, పందేనికీ అదే.

ఆ మధ్యాహ్నం పక్క బల్ల దగ్గర యుస్మారీ గోలీ పట్టుకుని అలాగే నిలబడిపోవడం చూశాను. చక్రం తిరుగుతోంది. ఆమె వదలడం లేదు. మా అందరి చెవుల్లో ఉండే చిన్న యంత్రంలోంచి సూపర్వైజరు నూబియా గొంతు వినిపించింది. "మూడో బల్ల, ఏమయింది? నవ్వు, అమ్మాయ్, నవ్వు."

యుస్మారీ గోలీ వదిలింది. అది తిరిగి తిరిగి ఇరవై తొమ్మిదిలో పడింది. ఆ నంబరు పైకి చెబుతూ మణికట్టుతో కళ్ళు తుడుచుకుంది.

విరామంలో నన్ను కాఫీ యంత్రం పక్కకి లాక్కుపోయింది.

"మా ఆయన నేరియో ఆడుతున్నాడే."

"నీకెలా తెలుసు?"

"కొన్ని వారాలుగా నా బల్ల దగ్గర ‘మరకైబో మెరుపు’ అని ఒకడు ఉంటున్నాడు. ఎప్పుడూ ఏమీ రాయడు. ఇవాళ రాశాడు, కాలు నొప్పి తగ్గిందా అని. నా కాలు సంగతి ఇద్దరికే తెలుసు. నువ్వేమో నా పక్కనే నిలబడి ఉన్నావు."

డీలరు ఇంటివాళ్ళెవరూ మా బల్లల మీద ఆడకూడదు. చేరిన రోజే సంతకం పెట్టించుకుంటారు. బయటపడితే ఉద్యోగం ఊడినట్టే.

నేరియో నాకూ తెలుసు. వెనెజులాలో మా ఊరు మరకైబోలో పక్క వీధి వాడు. నెమ్మదైన మనిషి. కంపెనీలకు గుర్తులూ బొమ్మలూ గీస్తాడు. పని ఇచ్చేవాళ్ళు ఎక్కడో స్పెయిన్‌లోనో చిలీలోనో ఉంటారు. కూలి డిజిటల్ డాలర్లలో ఫోనుకే వస్తుంది. ఈమధ్య ఆ డబ్బు ఆలస్యంగా వస్తోందని భార్యకి చెబుతున్నాడు. ఆమె నమ్మింది.

ఇంట్లో ఏం జరిగిందో మర్నాడు బస్సులో చెప్పింది. ఆమె తలుపు తీసేసరికి అతను వంటగట్టు దగ్గర అరెపా రొట్టెలకి మొక్కజొన్న పిండి కలుపుతున్నాడట. ఆమె కోటు కూడా విప్పలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది.

అతను దేని గురించని అడగలేదు. చేతులు కడుక్కుని కూర్చున్నాడు. "మొదట నిన్ను చూద్దామనే వచ్చాను, యుస్మా. పొద్దున పోతే చీకటిపడ్డాక గాని రావు. ఇంట్లో ఒక్కణ్ణే. ఫోను గోడకి ఆనించి నిన్ను పెట్టుకుని బొమ్మలు గీసుకునేవాణ్ణి. ఊరికే చూస్తూ కూర్చుంటే కాసేపటికి ఆటలోంచి గెంటేస్తారు. ఉండాలంటే ఏదో ఒకటి కాయాలి. చిల్లర కాశాను."

"ఇప్పుడూ చిల్లరేనా?"

అతను తడి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"స్పెయిన్ వాళ్ళు డబ్బు పంపలేదన్నావు."

"పంపారు."

"నా చేత్తో నీ డబ్బు లాగించావన్నమాట."

"నీ చేతి గోలీ కదా, నాకు అన్యాయం చెయ్యదనిపించేది."

"గోలీకి నువ్వెవరో తెలుసా?"

మళ్ళీ ఆమే అడిగింది. "సరే, నన్ను చూడ్డానికే వచ్చావు కదా. కాలు గురించి రాశావు. ఆ తర్వాత నేనేం చేశానో చెప్పు."

"గోలీ వదిలావు."

"తర్వాత?"

"ఇరవై తొమ్మిది పడింది. నాది ఏడు. చక్రం మీద పక్క గడే, యుస్మా. ఇంకొక్క గడి దొర్లి ఉంటే..."

అంటూనే ఆగిపోయాడట. తను చెప్పింది తనకే వినిపించినట్టు ముఖం పాలిపోయిందట.

"నేను ఏడ్చాను," అంది యుస్మారీ. "నీ ఎదురుగానే."

ఆ రాత్రి అతను ఖాతా మూసేశాడు. ఇక ముట్టనని ఒట్టు పెట్టాడు. ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే జీతం పోతుంది. చెప్పకపోతే ఏ రోజు పట్టుబడతానో అని గుండెలో గుబులు. అప్పటినుంచి ఆమె ఒక చోట నిలబడలేకపోయింది. బల్ల దగ్గర ఒక కాలి మీదనుంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటూ, తెర మీద వచ్చే ప్రతి పేరునీ రెండుసార్లు చదివేది. ఎవరు ‘అందంగా ఉన్నావు’ అని రాసినా ఉలిక్కిపడేది. విరామంలో కాఫీ పోసుకుని తాగకుండా పారబోసేది. మా అందరి బల్లల చుట్టూ తిరిగొచ్చి, "మీ దగ్గర కొత్తవాళ్ళెవరైనా వచ్చారా?" అని అడిగేది.

"కొత్తవాళ్ళు రోజూ వస్తారే," అన్నాను. "మన పొట్టకూడే అది."

ఆ రోజుల్లో నా బల్ల దగ్గరికి ‘ఉప్పుగాలి’ అని ఒకడు వచ్చేవాడు. ఒక్క మాటా రాసేవాడు కాదు. ఓడిపోయేవాడు. నేను అలవాటు ప్రకారం, "పర్వాలేదు ఉప్పుగాలీ, మళ్ళీ చూద్దాం," అని కెమెరాలోకి నవ్వేదాన్ని.

ఒక శుక్రవారం మధ్యాహ్నం బయట వాన దంచుతోంది. గేటు కాపలావాడు లోపలికి కబురు పంపాడు, ఎవరో తడిసిన మనిషి సూపర్వైజరుని కలవాలంటున్నాడని. నూబియా వెళ్ళింది. అద్దాల గదిలో నేరియో నిలబడి ఉండడం విరామానికి పోతూ నేను చూశాను. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. కూర్చోమన్నా కూర్చోలేదు. తలుపు సగం తెరిచే ఉంది.

"నేను యుస్మారీ భర్తని," అంటున్నాడు. "ఆమె బల్ల మీద ఆడాను. మానేస్తానని మళ్ళీ వేరే పేరుతో ఇంకో బల్ల మీద ఆడాను, ఉప్పుగాలి అని. నా అంతట నేను ఆగలేకపోతున్నాను మేడమ్. నా ముఖం, నా గుర్తింపు కార్డు, అన్నీ రాసుకుని మీ తలుపులన్నీ మూసెయ్యండి. ఆమెకి ఏ పాపమూ తెలియదు. ఆమెని ఏమీ అనకండి."

వారమంతా నేను నవ్వి నవ్వి మళ్ళీ రమ్మని పిలిచింది ఇతన్నే.

నూబియా చెడ్డది కాదు. అతని వివరాలు కాగితం మీద రాసుకుంది. "తలుపులు మూయించగలను నాయనా," అంది. "రెండోది నా చేతిలో లేదు. నువ్వు ఆమె భర్తనని చెప్పాక నేను విననట్టు ఉండలేను. తలుపు తెరిచి ఉంది, బయట ఇద్దరు విన్నారు."

యుస్మారీని ఆట మధ్యలోనే తప్పించేసి, ఆమె చోట ఇంకో పిల్లని నిలబెట్టారు. ముఖం మీది రంగు కడుక్కోకుండానే బయటికి వచ్చింది. ఆమె సంచీ అందించే సాకుతో నేనూ గేటు దాకా వెళ్ళాను.

"నిన్నెవరు రమ్మన్నారు?" అంది అతన్ని చూడగానే.

"ఎవరూ రమ్మనలేదు."

"నన్ను అడగాలని తోచలేదా?"

"అడిగితే వద్దనేదానివి."

"వద్దనేదాన్నే."

"అందుకే అడగలేదు. ఇంకో పేరు పెట్టుకుందామని పొద్దున మళ్ళీ ఫోను తీశాను. చెయ్యి ఆగలేదు. ఇంట్లో ఉంటే ఆగదని తెలిసిపోయింది. నడుచుకుంటూ వచ్చేశాను."

"అంత దూరం, సూబాలో ఇంటి నుంచి నడిచొచ్చావా? ఈ వానలో?"

"బస్సెక్కితే సీట్లో కూర్చుని ఫోను తీస్తానని."

ఆమె అతన్ని చాలా తిట్టింది. పని పోయిందని, అద్దె ఎవడు కడతాడని, సిగ్గులేదని, తన తల్లి ఇతని గురించి ముందే చెప్పిందని. అతను ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. తిట్టడానికి మాటలు అయిపోయాక తన శాలువా తీసి అతని తల మీద వేసి గట్టిగా రుద్దింది, పసిపిల్లాడికి తుడిచినట్టు. అది కోపమో ఏమో నాకు తెలియదు. ఆమెకీ తెలిసినట్టు లేదు. ఇద్దరూ బస్టాపు వైపు వెళ్ళారు. ఆమె ఇంకా కొంచెం కుంటుతోంది.

ఇప్పుడు యుస్మారీ ఊళ్ళోనే ఫోంతిబోన్ పేటలో బట్టల కొట్టులో చేస్తోంది. జీతం తక్కువ. కానీ కొనేవాళ్ళ ముఖాలు కనిపిస్తాయి, అదే చాలంటుంది. నేరియో పని డబ్బు ఆమె ఫోనుకే వస్తుంది. చర్చి వెనక గదిలో జూదం మానాలనుకునే తనలాంటివాళ్ళు వారానికోసారి కలుస్తారట. వెళ్తున్నాడు. ఒకసారి జారాడు, వేరే సైటులో. ఆ సాయంత్రమే ఆమెకి చెప్పేశాడు. ఆమె ఆ రోజు పుట్టింటివాళ్ళకి ఫోను చేసి వచ్చేస్తానంది, మర్నాడు వెళ్ళలేదు.

నేను అక్కడే ఉన్నాను. నాకింకో పని దొరకలేదు. కానీ ఓడిపోయినవాళ్ళని మళ్ళీ చూద్దాం అనడం మానేశాను. నూబియా రెండుసార్లు చెవిలో గుర్తు చేసింది. వినపడనట్టు ఊరుకున్నాను.

పోయిన ఆదివారం వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను. నేరియో బీన్సు వడ్డిస్తున్నాడు. పక్కింట్లో ఎవరి ఫోనో మోగింది. గరిటె ఆగింది. "ఇప్పుడే వస్తా," అని గిన్నె నా చేతిలో పెట్టి వీధిలోకి వెళ్ళాడు. కిటికీలోంచి చూశాం. వీధి చివరిదాకా వేగంగా నడిచి, అక్కడ కాసేపు ఊరికే నిలబడ్డాడు.

"ఆడాలనిపించినప్పుడల్లా ఇదే, రోజుకి ఎన్నోసార్లు," అంది యుస్మారీ. "వస్తాడులే. నువ్వు తిను, చల్లారిపోతుంది."

నేను తినడం మొదలుపెట్టాను. ఆమె మాత్రం కిటికీ దగ్గరే నిలబడి ఉంది.