షబ్బీర్ వేలికి గుడ్డ తొడుగు

ఆగండాగండి, స్కోరు తర్వాత అడుగుదురుగాని, ముందు షబ్బీర్ వేలి సంగతి వినండి!

కుడిచేతి చూపుడువేలు. ఆఫ్ స్పిన్నర్‌కి ప్రాణమంతా అక్కడే, బంతిని తిప్పేది అదే కదా! ఊళ్ళో జిన్నింగ్ మిల్లులో పత్తి ఎగదోస్తుంటే మిషను ఆ వేలి పై కణుపు లాగేసుకుంది. గాయమైతే మానింది. బంతి మాత్రం మొండివేలి మీంచి తడి సబ్బులా జారిపోయేది.

ఇంకొకడైతే కూర్చుని ఏడ్చేవాడు. షబ్బీర్‌కి ఒకటే ఆరాటం: వేలు పొట్టిదైతే బంతి ఏం చేస్తుంది? బస్తాల మీద మార్కా వేసే నల్లరంగు బంతి సగానికి పూసి, గోడకేసి వేస్తూ అది తిరిగే తీరు చూశాడు. మధ్యవేలికీ ఉంగరపువేలికీ మధ్య ఇరికించి వదిలితే గిర్రున తిరుగుతోంది! కానీ ఎటు? వాడికే తెలియదు. ఒకటి అటు, ఒకటి ఇటు, ఒకటి ఏకంగా గోడ దాటి పక్కింట్లోకి.

"గోడ కూలగొడతావేందిరా!" అంది వాళ్ళమ్మ ఖాదర్‌బీ. ఆమె గుంటూరు మిరపయార్డులో తొడిమలు తీస్తుంది. వేళ్ళు మండకుండా గుడ్డతో తొడుగు కుట్టుకుంది. దాన్నే కొడుకు చేతిలో పెట్టింది. "ఇది పెట్టుకుని చూడు. నిన్ననే ఉతికాలే."

కొసలో కాస్త దూది కూరేసరికి వేలు మళ్ళీ పాత పొడుగైంది. బంతి చెప్పిన మాట విన్నది! కెప్టెన్ జాన్ బాషా చూసి, "సరే, ఆదివారం ఆడు. ఇదే నీకు ఆఖరి ఛాన్సు. మ్యాచ్ పోయిందా, ఇంక నీకు బంతివ్వను," అన్నాడు.

పత్తిమోళ్ళు పీకేసిన నల్లరేగడి చేనే గ్రౌండు. వచ్చింది దాచేపల్లి టీము. అంపైరు డ్రిల్లు మాస్టారు జక్రయ్య, గాయానికి కట్టే కదా అని తొడుగుని ఒప్పుకున్నారు. ఆఖరి ఓవర్, వాళ్ళకి నాలుగు పరుగులు కావాలి, చివరి వికెట్టు. క్రీజులో బెన్నీ. షబ్బీర్ వేసిన బంతిని అడ్డుకుని, కాళ్ళ దగ్గర ఆగినదాన్ని తనే తీసి విసిరాడు. అదే చేత్తో నుదుటి చెమట, కళ్ళు తుడుచుకున్నాడు.

తర్వాతి బంతికి క్లీన్ బౌల్డ్!

అందరూ ఎగిరి గంతేశారు. బెన్నీ మాత్రం వికెట్ల వంక చూడనే లేదు, కళ్ళు మూసుకుని కూలబడ్డాడు. "దుమ్ము పడుంటదిలే," అన్నారెవరో. షబ్బీర్ బంతిని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. తుమ్మొచ్చింది. ఉతికినా పోని కారం, చెమటకి తడిసి బయటికొచ్చింది!

ఎవరికీ తెలియదు. మ్యాచ్ గెలిచేశారు. అయినా బెన్నీ కళ్ళల్లోంచి అలా నీళ్ళు కారుతుంటే ఊరుకోలేకపోయాడు.

"సార్, నా తొడుగులో కారముంది. అందుకే అతనికి బంతి కనపడలా."

"నోర్ముయ్ రా!" జాన్ బాషా పళ్ళు నూరాడు.

"కారం పట్టించి వేస్తావేంట్రా!" బెన్నీ ఏడుస్తూనే నవ్వాడు. "మేమేమన్నా మామిడికాయ ముక్కలమా?"

జక్రయ్య సార్ అవుట్ రద్దు చేశారు. తొడుగు తీయించారు, బంతి కడిగించారు. బిందెడు నీళ్ళతో కళ్ళు కడుక్కుని బెన్నీ మళ్ళీ నిలబడ్డాడు. ఇంకా రెండు బంతులున్నాయి.

జాన్ బాషా దగ్గరికొచ్చి గుసగుసలాడాడు: "వేలు నొప్పెడుతోందని సార్‌తో చెప్పు. మిగతావి నేనేస్తా. నువ్వేసి ఓడించావంటే ఈ గ్రౌండుకి రానివ్వను."

షబ్బీర్ బంతిని రెండు వేళ్ళ మధ్య ఇరికించి చూశాడు. ఎటు తిరుగుతుందో వాడికి తెలియదు. నిజమే, కానీ బెన్నీకి మాత్రం తెలుసా?

కెప్టెన్ చెయ్యి చాపే ఉంది. మీరైతే బంతి ఇచ్చేస్తారా, వేసేస్తారా?